చిటుకు పోయిన లారీ

పాలు చీలమండల దాకా

లారీ నడిపేవాడు పొద్దున్నే షెడ్డు గుమ్మంలో నిలబడి, పాలు ఎంత లోతు వచ్చాయో చూసి రాయాలని మా తూర్పు మకాం కట్టడి. కొలకర్ర అక్కర్లేదు, నా ఒళ్లే కొలకర్ర. ఈ పొద్దు చీలమండలు మునిగాయి. చెప్పులు కనపడవు. కోళ్లు మెడలు మాత్రం పైకి పెట్టుకుని పడవల్లాగా తిరుగుతున్నాయి.

పడమటి కొండల సందులోంచి దిగే ఆ తెల్లటి మంచుకు పాలు అని ఎవరు పేరు పెట్టారో గాని సరిగ్గానే పెట్టారు. పొంగడం మొదలైతే ఆగవు. తల మునిగేదాకా వచ్చి, మళ్లీ ఎండలు ముదిరితేనే తగ్గుతాయి.

ఈలోపల నాకు ఒకటే పని. పడమటి మకాంకు జొన్నలు, కానుగ నూనె చేర్చాలి. అక్కడ మా అక్క చౌడమ్మ పెద్ద. ఆమె కింద ఇరవై ఇళ్లవాళ్లు పాలకు అడ్డంగా వలలు కట్టి నీళ్లు పిండుతారు. మేము తాగేది ఆ నీళ్లే, గొట్టంలో దిగి వస్తాయి. నీళ్లు దిగుతాయి గాని జొన్నలు గొట్టంలో ఎక్కవు. తల మునిగేలోపు లారీ పోకపోతే ఆ ఇరవై ఇళ్లూ ఎండలదాకా చీకట్లో పస్తుండాలి.

బ్యాటరీ బండ్లు పాలలో చక్రం తిప్పవు. రేడియో నోరు తెరవదు. కరెంటు అనేదాన్ని పాలు తాగేస్తాయి. అందుకని నా డీజిల్ లారీ. డీజిల్ అన్నది పేరుకే, అది తాగేదీ కానుగ నూనే. దాన్ని నేను తప్ప ఎవరూ నడపలేరు. గొప్పకు రాయడం లేదు, ఉన్నమాట.

ఈ పొద్దు స్టార్టు చేస్తే లారీ పులిలా అరిచింది. ఇంజను మీదంతా మసి. బానెట్టు ఎత్తి చూస్తే మానిఫోల్డ్ నడిమికి పగిలి ఉంది. ఇంజను కడుపులోని మంటపొగను ఒకచోటికి చేర్చి సైలెన్సరుకు అప్పజెప్పే పోత ఇనుప గొట్టం అది. అది పగిలితే బండికి బలం ఉండదు, మంట బయటికి కొడుతుంది. వెనక నూనె పీపాలు పెట్టుకుని అట్లా పోతే కొరివి చంకన పెట్టుకుని పోయినట్టే.

గ్యాసు వెల్డింగు చేసే మాబున్ని గోనెపట్టాతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం మామా, ఇన్నేండ్లూ చిటుకు చిటుకుమనేది, ఈ పొద్దు బోరున ఏడుస్తాంది నీ లారీ?"

ఆ చిటుకు సంగతి కూడా రాస్తాను. మానిఫోల్డ్ వెనక మూతి ఇంజనుకు ఆనేచోట చాలా ఏళ్లుగా వెంట్రుకంత సందు ఉంది. ఇంజను తిరిగినంతసేపూ అక్కడ చిట్ చిట్‌మని పొగ తన్నేది. పోనీలే అని ఊరుకున్నాను గాని నాకది తలవంపు. పెద్దమనిషి పదిమందిలో ఎక్కిళ్లు పెట్టినట్టు ఉండేది.

"పగులూ అతికించు, చిటుకూ మాన్పించు" అన్నాను.

"పెండ్లికి ముందు పెండ్లికొడుక్కు తలంటినట్టా?" అని నవ్వింది.

పాలు మోకాళ్ల దాకా

మానిఫోల్డ్ విప్పడానికే పొద్దు పోయింది. నట్లు తుప్పుపట్టి ఇంజనుకు నాటిన మరమేకుల్ని, స్టడ్లను, కరుచుకుపోయాయి. కానుగ నూనె పోసి, మంట చూపించి, మళ్లీ నూనె పోసి, బతిమాలి తిప్పాను. తిట్టి కూడా తిప్పాను. ఒక స్టడ్ విరిగి లోపలే ఉండిపోయింది. మాబున్ని దాని నెత్తిన ఒక నట్టు పెట్టి వెల్డింగు అంటించి, ఎర్రగా ఉన్నప్పుడే తిప్పితే పాలపన్ను ఊడినట్టు ఊడివచ్చింది.

తరవాత ఆమె మానిఫోల్డ్‌ను ఊక కుంపట్లో కాల్చింది. పోత ఇనుము ఎర్రబడినప్పుడు దానికొక అందం వస్తుంది. మోకాళ్ల దాకా తెలుపు, ఆ తెలుపు మధ్యలో ఆ ఎరుపు. పొద్దు నేలలోనే గుంకినట్టు ఉండింది. మాబున్ని పగులు మీద వెల్డింగు గీత గీసి, ఊక బూడిదలో మెడదాకా పూడ్చింది.

"దాన్ని తాకొద్దు మామా. పోత ఇనుము పచ్చి బాలింత మాదిరి. చల్లగాలి తగలగూడదు. దానంతట అదే ఆరల్ల."

"ఎంతసేపు?"

"అది చెప్పినంతసేపు."

పాలు నడుము దాకా

తొందరపడ్డాను. పొద్దున లేస్తే నడుము మునిగి ఉంది. ఒక్కసారిగా ఇంత ఎప్పుడూ పొంగలేదు. బూడిదలో చెయ్యి పెడితే గోరువెచ్చగానే ఉంది, సరేనని బయటికి తీశాను. పాలగాలి తగిలింది. ఠంగుమంది. వెల్డింగు పక్కన ఇంకో పగులు, ముందరిదానికంటే పొడుగ్గా, ఈ కొసనుంచి ఆ కొసకు.

మాబున్ని వచ్చి చూసి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఎవురు తీసినారు?"

"నేనే."

"బాలింతను బావికాడికి పంపిస్తివి కదా!"

"మాటలు ఆపి పని చూడు."

"పనేముండాది సూడను? గొట్టాన్ని గొట్టంగా వదిలింటే పనుండు. ఇప్పుడు రెండు చిప్పలుండాయి. నీకొకటి నాకొకటి, అడుక్కుందాం పా."

ఆమె నోరు అట్లాంటిది. చెయ్యి మంచిది గనక ఊరుకుంటాను.

మకాం వెనక చచ్చిన లారీల దిబ్బ ఉంది. నడుములోతు పాలలో వాటి క్యాబిన్లు ఎనుములు చెరువులో పడుకున్నట్టు కనపడతాయి. వాటి మధ్య చేతులతో తడుముకుంటూ తిరిగాము. ఒకదాంట్లో తీగ మొలిచి స్టీరింగు చుట్టూ అల్లుకుని, తనే ఎక్కడికో నడుపుకుపోతున్నట్టు ఉంది. దాని బానెట్టు కింద దొరికింది, నా లారీ జాతి మానిఫోల్డే. ఒక మూతిలో గోరింక గూడు పెట్టింది. గూడు ఖాళీ. అయినా మాబున్ని దాన్ని విదిలించలేదు. రెండు చేతులతో తీసి సీటు మీద పెట్టింది.

తెచ్చి ఆనించి చూస్తే మూతులు వంకర. ఏళ్లతరబడి ఎండకు, వానకు వంగిపోయింది. చదునుబండ మీద మసి, నూనె పూసి, మానిఫోల్డ్‌ను దానిమీద రుద్దాము. మసి అంటినచోటు మిట్ట. మిట్టను ఆకురాయితో అరగదీయడం, మళ్లీ రుద్దడం. ఒకసారి నేను, ఒకసారి ఆమె. పడుకోబోయేటప్పుడు కూడా నా చేతులు దుప్పటి మీద రుద్దుతూనే ఉన్నాయి.

పాలు గుండెల దాకా

ఆరు మూతులూ బండకు ఆనాయి. వెంట్రుక దూరుతుందేమో చూద్దామన్నాను. నా తలలో వెతికితే లాభం లేదు. మాబున్ని తన జడలోంచి ఒకటి లాగి ఇచ్చింది. ఎక్కడా దూరలేదు.

ఆమె పాత రాగిచెంబు ఒకటి సాగగొట్టి, ఎర్రగా కాల్చి మెత్తబరిచి, మూతుల దగ్గర సందు మూసే గాస్కెట్లు కోసింది. నేను మానిఫోల్డ్ ఎక్కించి నట్లు బిగించాను, నడిమినుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా కొసలదాకా. ఒకేవైపు బిగిస్తే ఇంకోవైపు నోరు తెరుస్తుంది. మనుషుల పంచాయితీ కూడా అట్లాగే తీర్చాలి, ఎవరూ తీర్చరు.

షెడ్డు వాలు మీంచి దొర్లించి స్టార్టు చేశాను.

నా బతుకులో నా లారీ అంత మెత్తగా పలకడం నేను వినలేదు. నెయ్యి కాగుతున్నట్టు ఉంది. చిటుకు లేదు. మూతుల దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టాను, ఊపిరంత గాలి కూడా తగల్లేదు. మకాం జనం పాలలోంచి తలలు, భుజాలు మాత్రం కనపడేట్టు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నాకు వేరే సన్మానం అక్కర్లేదు.

"నేనూ వస్తా" అంది మాబున్ని. "యాడన్నా లీకైతే నువ్వు మళ్లీ చెయ్యి పెడతావు, నాకు భయం."

మూటలు, పీపాలు ఎక్కించాము. దారి ఎట్లా పోవాలో నా తరవాత నడిపేవాడికోసం రాస్తున్నాను. కుంటిరాయి దాకా పక్కన రాళ్లు ఉంటాయి, వాటిని పట్టుకుని పోవాలి. కుంటిరాయి దాటితే దారి లేదు. అంతా ఒండ్రుమేట, ఏటేటా కదులుతుంది. అక్కడ లారీ ఆపి, ఇంజను మాత్రం ఆపకుండా, కాచుకోవాలి. పాలలో బ్యాటరీ చస్తుంది, దొర్లించడానికి అక్కడ వాలూ లేదు, ఆపితే మళ్లీ స్టార్టు కాదు. పడమటి మకాంలో మా అక్క లారీ చప్పుడు విని, గోనె చుట్టిన రైలుపట్టాను సుత్తితో కొడుతుంది. ఆ ఠక్ ఠక్ వినపడే దిక్కుకు నడపాలి. పట్టాకు గోనె ఎందుకు చుట్టారో నాకు తెలియదు. పెద్దలు చుట్టారు.

పట్టా కొట్టారంటే వాళ్ల మనుషులు మోకులు పట్టుకుని మేటలోకి దిగి ఎదురురావాలని కట్టడి. అందుకని ఊరికే కొట్టరు. పాలు చప్పుళ్లను దాచుకుని ఎప్పటికో వదులుతాయి. లేని లారీకి ఒకసారి పట్టా కొట్టి ఎదురుపోయి, మా బావ, ఇంకో ఇద్దరు తిరిగి రాలేదు.

పాలు గొంతు దాకా

పొద్దు పొడవకముందే బయలుదేరాము. పొద్దు పొడిచిందో లేదో కూడా తెలియదు. తెలుపే కొంచెం వెలుగై, ఆ వెలుగే మళ్లీ తెలుపైంది. క్యాబిన్‌లో కూర్చుంటే లారీ పోతున్నట్టు లేదు, కొండలే మెల్లగా వెనక్కి నడిచిపోతున్నట్టు ఉంది. కొత్త మానిఫోల్డ్ చప్పుడు జోలపాటలా ఉండి మాబున్ని రెండుసార్లు తూగింది.

కుంటిరాయి దగ్గర ఆపాను. కాచుకున్నాము.

పట్టా మోగలేదు.

గాలి హారన్ కొట్టాను. తలుపు తీసి "అక్కా, నేనే వచ్చినా!" అని అరిచాను. పాలు నా మాటను మెత్తగా తీసుకున్నాయి, తిరిగి ఇవ్వలేదు. బదులుగా వేరేవి ఇచ్చాయి. మేకల అరుపులు వచ్చాయి. ఎవరిదో పెళ్లిపాట వచ్చింది, నడిమినుంచి మొదలై నడిమిలోనే ఆగింది. ఎవరో దగ్గారు. నా చెవి పక్కనే, నేను చనువుగా ఎరిగిన దగ్గు.

"ఎవురు మామా అది?" అంది మాబున్ని.

"ఎవరూ కాదు."

సుత్తితో తలుపుమీద కొడదామంది. కొట్టింది. అది ఒండ్రులో బుడగలు పగిలే చప్పుడులో కలిసిపోయింది. మేట దినమంతా అట్లాగే టపటపమంటూ ఉంటుంది. ఎవరు లెక్కచేస్తారు?

గుడ్డిగా నడుపుదామని కొంచెం ముందుకు పోయాను. ముందు చక్రం దిగబడబోయింది. వెనక్కి లాక్కున్నాను. పాలు పెరుగుతున్నాయి, క్యాబిన్ కిటికీని అప్పుడే అందుకున్నాయి. మళ్లీ కుంటిరాయి దాకా వచ్చాను. అది కుంటిరాయేనో కాదో దిగి చేతులతో తడిమి చూసుకోవలసి వచ్చింది. నా ఇన్నేళ్లలో నేను దారిలో భయపడింది ఆ ఒక్కసారే.

అప్పుడు ఎడమపక్కనుంచి లారీ ఒకటి వచ్చింది.

మాబున్ని నా చెయ్యి పట్టుకుంది. "మామా, లారీ! మీదికొస్తాంది! పక్కకు తియ్యి!"

"కూర్చో. అది నాదే."

పోయిన ఏడాది నా లారీ అది. గేరు మార్చేటప్పుడు నేను చేసే తొందర కూడా అందులో ఉంది. అది మాలోకి వచ్చి, మాలోంచి, మా వెనకకు పోయింది. నిద్రలో మనల్ని మనమే దాటుకుపోతే అట్లా ఉంటుంది. నేను మాత్రం మెకానిక్ చెవితో విన్నాను. ఇంజను నాదే. బరువు నాదే. అయితే చిటుకు లేదు.

"మాబున్నీ, పోయిన ఏడు మన లారీ చిటుకుమంటుండె కదా?"

"అంటుండె. ఊరంతా ఎరుగు."

"పాలలో పోయిన లారీకి చిటుకు లేదు."

ఆమె చెవిపెట్టి వింది. "లేదు మామా!"

పాలు పొడుగు చప్పుళ్లనే పట్టుకుంటాయి. పాట, హారన్, మనిషి గొంతు, ఇంజను మోత. చిటుకు చేపముల్లు లాంటిది, వాటి గొంతు దిగదు. పట్టాకు గోనె చుట్టింది అందుకే, ఠంగుమని సాగకుండా ఠక్కుమని తెగాలని. ఇన్నేళ్లూ మా అక్క విన్నది నా ఇంజనును కాదు, దాంతో తాళం తప్పకుండా నడిచే ఆ చిటుకును. చిటుకు ఉంటే మనిషి ఉన్న లారీ. లేకపోతే పాలలో తిరిగే లారీ. నేను పనిగట్టుకుని బాగుచేసి నా లారీని దయ్యాల లారీల్లో చేర్చాను.

స్పానర్ తీసుకున్నాను.

"ఏం చేయబోతాండావు?" అంది మాబున్ని.

"వెనక మూతి నట్టు వదులు చేస్తా."

"నా పనిని విప్పుతావా? వెంట్రుక దూరలేదు కదా మామా దాంట్లో!"

"నా పని కూడా అందులో ఉంది."

ఆమె గోనెపట్టా నీళ్లలో ముంచి నా చేతికి చుట్టింది. ఇంజను ఆపడానికి లేదు. మానిఫోల్డ్ ఎర్రగా కాలుతోంది. నట్టు అర చుట్టు తిప్పానో లేదో మంట నాలుక చాచింది. గోనె కాలింది, రెండు వేళ్లు కాలాయి. ఫట్ ఫట్‌మని పెద్ద మోత వచ్చింది.

"అది కాదు మామా. అది దొంగ టపాకాయ మాదిరుండాది. కొంచెం బిగించు."

బిగించాను. చప్పుడు పోయింది.

"ఎక్కువైంది. చీమ తల తిరిగినంత తిప్పు చాలు."

చీమ తల ఎట్లా తిరుగుతుందో చూసినవాడెవడు? తిప్పాను. తంబుర శ్రుతి చేసేవాడిలా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాను. వేలి చర్మం స్పానర్‌కు అంటుకుపోయింది. ఇంజను మోత కింద, సన్నగా, ఎండుపుల్ల విరిచినట్టు మొదలైంది.

చిట్. చిట్. చిట్. చిట్.

మాబున్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నట్టు మీద చెయ్యి తీయకుండా అట్లాగే వంగి ఉన్నాను. చాలాసేపు పాలు ఏమీ చెప్పలేదు.

తరవాత కుడిపక్కనుంచి, మేము పోబోయిన దిక్కుకు పూర్తిగా అవతలినుంచి, ఠక్. ఠక్. ఠక్.

ఆ ఠక్ ఠక్ వెంట నడిపితే పడమటి మకాం ఏటవాలు దగ్గర లారీ ఆగింది. ఈ సందు పాతదానికంటే పెద్దది, ఇంజనుకు అంత బలం లేదు, బరువుతో ఎక్కలేకపోయింది. పాలలోంచి మోకులు వచ్చాయి, మోకుల వెనక మనుషులు వచ్చారు. ముందు చేతులు, తరవాత మొహాలు. ఎవరో ముందు కొక్కేనికి మోకు కట్టబోతూ నావైపు చూశారు. నా లారీని లాగనిస్తానా లేదా అని. కట్టమని తల ఊపాను. ఐలేసా అంటూ లాగారు. నేను స్టీరింగు పట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను.

మా అక్క పైన సుత్తి చేతిలోనే పెట్టుకుని నిలబడి ఉంది. నేను దిగగానే ముందు నా కాలిన వేళ్లు చూసింది, తరవాత తిట్టింది.

"రేయ్ కుళ్లాయిగా, పొద్దున్నుంచి వింటాండాను నీ లారీని. మూడుతూర్లు వచ్చె, మూడుతూర్లు పాయె. సుత్తి ఎత్తి దించి చెయ్యి పీకుతాంది."

"అరిచినా కదక్కా. నా గొంతు తెలీలేదా?"

"తెలీకేం? 'అక్కా, నేనే వచ్చినా' అంటివి. ఆ మాట నాకు దినామూ వినపడతాది. పోయిన ఏడు అరిచింది, అంతకుముందు ఏడు అరిచింది, అన్నీ తిరుగుతానే ఉండాయి ఈడ. నువ్వు ఒక తూరి వచ్చిపోతావు. నేను ఏడాది పొడుగునా వింటాను." సుత్తి నా చేతిలో పెట్టింది. "మీ బావ దగ్గు కూడా వస్తాది. దేనికని పలకమంటావు?"

సుత్తి పట్టా పక్కన పెట్టి మూటలు దించడానికి పోయాను.

పాలు తల ముంచాయి

దారి మూసుకుంది. ఎండలదాకా నేనూ మాబున్ని ఇక్కడే. జొన్నలు కొట్టులో చేరాయి, నూనె పీపాలు వరసగా ఉన్నాయి, ఇరవై ఇళ్లలో ఇరవై దీపాలు పాలలో పచ్చి పసుపు ముద్దల్లా కనపడుతున్నాయి. ఈ మకాంలో లోతు కొలవడానికి నా ఒళ్లు చాలదు.

మాబున్ని లారీ చుట్టూ తిరిగి వచ్చింది. ఆ నట్టు మళ్లీ ఎవరూ బిగించకుండా దానికి వెల్డింగు చుక్క పెడతానంటుంది. పెట్టమన్నాను. మంచి పనికి తాళం వేసుకున్నట్టు ఉంటుంది గాని పెట్టమన్నాను.

పొద్దున అందరం కూర్చుని సంగటి తింటున్నాము. అప్పుడు కిందనుంచి లారీ మోత వచ్చింది. కుంటిరాయి దగ్గర ఆగినట్టు ఆగింది. హారన్ కొట్టింది. "అక్కా, నేనే వచ్చినా!" అంది, నా గొంతుతో, నిన్నటి భయంతో సహా.

ఎవరూ తల ఎత్తలేదు. ముద్ద పిసుకుతున్నవాళ్లు పిసుకుతున్నారు. పిల్లలు ఊరిబిండి పచ్చడికోసం కొట్లాడుకుంటున్నారు. నేనొక్కడినే చేతిలో ముద్ద పట్టుకుని లేచి నిలబడ్డాను. కింద పాపం, అంతసేపటినుంచీ అరుస్తున్నాడు. ఎవరైనా పలికితే బాగుండుననిపించింది.

మా అక్క నా పంచె కొస పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోరా. అది నువ్వు కాదులే. సంగటి ఆరిపోతాంది."